నీళ్లు లేని తెర

నా చిన్నప్పుడు, ఒక మంగళవారం పగలు పదకొండు గంటల పది నిమిషాలకు, గుత్తిలో ఒక ఫోటో స్టూడియో వెనక రేకుల షెడ్డులో మా మామ బ్రష్షులు కడుక్కున్నాడు. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. గడియారం చూడటం నాకు ఆ వారమే వచ్చింది. అవి ఎండాకాలం సెలవులు. కనబడిన ప్రతి పనికీ టైము చెప్పుకుంటూ తిరిగేదాన్ని. మామ డబ్బా నీళ్లలో బ్రష్షులు ముంచగానే స్టూడియోలోకి పరుగెత్తి, గోడ గడియారం చూసి వచ్చి, "పదకొండూ పది" అని అరిచాను. "అయితే పదకొండూ పదికి అయిపాయ అనుకో" అన్నాడు. అయిపోయింది తెర. దాని మీద ఆయన ఆరు నెలలు పని చేశాడు.

తెర అంటే ఈ కాలం వాళ్లకు చెప్పాలి. అప్పట్లో ఫోటో దిగేవాళ్ల వెనక ఒక పెద్ద గుడ్డ వేలాడదీసేవాళ్లు. దాని మీద కొండలో, తోటలో, మేడమెట్లో గీసి ఉండేవి. ముతక గుడ్డకు గంజీ సుద్దా పట్టించి ఆరబెట్టి, వడ్రంగులు వాడే వజ్రం బంకలో పొడిరంగులు కలిపి మా మామ వాటిని గీసేవాడు. ఫోటోలు తెలుపు నలుపువే. కొన్ని ఊళ్లలో తెరలు కూడా బూడిదరంగులోనే ఉండేవట. మా స్టూడియో సావుకారు మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "మనిషి నిలబడేది తెర ముందర గానీ ఫోటో ముందర గాదప్పా. ఫుల్లుగా రంగులు ఉండల్ల" అనేవాడు.

మామ మా అమ్మకు తమ్ముడు. వాళ్ల బావి ఎండిపోయి చేను బీడు పడ్డాక గుత్తికి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నన్ను ఊరికే ఉన్నప్పుడు 'పాపా' అనీ, ఏడిపించాలనుకున్నప్పుడు 'కోడలా' అనీ పిలిచేవాడు.

నేను గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. చిత్రకారుల జీవితాల మీద మంచి పుస్తకాలు చాలా నా చేతుల మీదుగా పోయాయి. వాటిలో ఒక మనిషి గీసినదాన్ని కాలాలుగా విడదీసి, ఏ కాలంలో ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో రాస్తారు. మా మామ గురించి అలా ఎవరూ రాయలేదు, రాయరు. నాకు తెలిసినంత నేనే రాస్తాను.

మొదట ఆయనకు తోలుబొమ్మలు ఆడించే ఒక తాత నేర్పాడు. పదేళ్ల వయసులో ఇల్లు విడిచి ఆ తాత బండి వెంట ఊరూరా తిరిగాడట. మేకతోలు మీద ముందు నల్లగీత గీయాలి, తర్వాతే రంగు నింపాలి. అందుకే మామ తొలి తెరల్లో చెట్టుకు ఉన్న ప్రతి ఆకుకీ చుట్టూ నల్లటి గీత ఉంటుంది. ఆకులు బొమ్మ నగల్లా ఉంటాయి. దూరంలో ఉన్న కొండా దగ్గరున్న రాయీ ఒకే గట్టితనంతో కనబడతాయి.

తర్వాత నాటకాల కంపెనీ ఒకటి వచ్చి గుంతకల్లులో రెండు నెలలు ఆడింది. వాళ్ల అడవి తెరనూ ఉద్యానవనం తెరనూ చూసేందుకు మామ రోజూ వెళ్లేవాడట. నాటకం చూడలేదు, తెరలు చూశాడు. ఆ తర్వాత ఆయన తెరల్లోకి జలపాతం వచ్చింది, కొలను వచ్చింది, కొలనులో రెండు హంసలు వచ్చాయి. మామ జన్మలో హంసను చూడలేదు. నేనూ చూడలేదు. కానీ ఆయన హంసలు బాగా కుదిరేవి, ఆ జలపాతం తెరతోనే సావుకారు అంగడి నిలదొక్కుకుంది.

మూడో మనిషి గుంతకల్లు రైల్వే కాలనీలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు. భార్యతో ఫోటో దిగడానికి వచ్చి, తెర ఎవరు గీశారని అడిగి, తన దగ్గరున్న ఒక బొమ్మల పుస్తకాన్ని మామకు ఇచ్చాడు. అందులో ఉన్నవన్నీ ఇంగ్లండు పల్లెలు. పొలం, కంచె, మబ్బులు. సగం బొమ్మ ఆకాశమే. ఎక్కడా నల్లగీత లేదు. మామ ఏడాదిపాటు ఆ మబ్బుల్ని గీశాడు. మా అమ్మ ఒకసారి చూసి, "ఇన్ని మబ్బులు గీస్తివి, ఒకటన్నా కురవదేమిరా" అంది. ఆయన నవ్వలేదు. ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించినట్లున్నాడు. పుస్తకం గార్డుకు తిరిగి ఇచ్చేశాడు. అప్పటినుంచి పొద్దున్నే ఊరి బయట వంక దగ్గరికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. వంక అంటే వాన పడితే పారే వాగు. మిగతా కాలమంతా ఇసుకే. వెళ్లినప్పుడల్లా గుడ్డమూటల్లో మన్ను తెచ్చేవాడు. ఎర్రమన్ను, నల్లమన్ను, జాజు, సుద్ద. వాటిని నూరి జల్లెడ పట్టే పని నాది.

ఆ మంగళవారం అయిపోయింది ఆ మన్నుతో గీసిన తెర. పై సగం ఆకాశం. నీలం కాదు. మిట్టమధ్యాహ్నం మా దగ్గర ఉండే తెల్లటి ఆకాశం. దాని కింద మా ఊరి కోట కొండ, ఒకే చదును రంగుతో, గీత లేకుండా. ముందు వంక, వంకలో ఇసుక, ఒడ్డున రెండు తుమ్మచెట్లు. కింద ఎడమవైపున ఇసుకలో ముదురురంగు మరక ఒకటి, దాని పక్కన నాలుగు తుంగపోచలు. హంసలు లేవు. మనిషి లేడు. బొమ్మలో ఎక్కడా నీళ్లు లేవు అనుకున్నాను. నాకది నచ్చలేదు. నచ్చలేదని చెప్పలేదు.

సావుకారుకూ నచ్చలేదు గానీ, ఆరు నెలల పని కదా అని మరునాడు కట్టించాడు. శనివారం సంత. చుట్టుపక్కల ఊళ్ల జనం ఫోటోలకు వచ్చేది ఆరోజే. మొదట వచ్చింది గార్లదిన్నె వైపునుంచి ఒక రైతు కుటుంబం. చంకలో పిల్లవాడు. పుట్టువెంట్రుకలు తీయించి, ఫోటో దిగి పోదామని వచ్చారు. రైతు తెర చూసి ఆగిపోయాడు.

"ఏమప్పా, ఇది మా చేను మాదిరి ఉండాదే! ఈ బీడు చూసేకి అంత దూరం నుంచి బస్సెక్కి వస్తిమా?"

"నీళ్లు దూకే తెర ఉండాదంట గదా, అది ఎయ్యమని చెప్పు" అంది ఆయన భార్య. "పిల్లోనికి ఫోటోలో అన్నా రోంత సల్లగుండనీ."

జలపాతం తెర కట్టారు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లూ అదే అడిగారు. మధ్యాహ్నానికి సావుకారు మామను పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. గొంతు పెంచలేదు కూడా.

"ఇన్నావా పెయింటరూ? బయట యట్లుందో లోపలా అట్లే ఉంటే, జనం లోపలికి ఏంటికి వస్తారప్పా?"

"నిజమే" అన్నాడు మామ.

"నిజమే అంటే?"

"నిజమే అంటాండా గదా."

"అట్లయితే వచ్చే సంత లోపల ఆ వంకలో నీళ్లు రావల్ల. రాకపోతే నువ్వు ఇంగో అంగడి చూసుకో. చెప్పలేదనేవు, చెప్తాండా."

నేను తలుపు దగ్గర మామకు తెచ్చిన సద్దరొట్టె, ఊరుబిండి పచ్చడి ఉన్న గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇంకో అంగడి గుత్తిలో లేదని నాకు తెలుసు. గుంతకల్లులోనో బళ్లారిలోనో వెతుక్కోవాలి. అంటే మామ మా ఇంట్లో ఉండడు.

అదే రోజు సాయంత్రం, సంత సద్దుమణిగాక, ఒక గొర్రెలకాపరి తాత వచ్చాడు. రెండు గొర్రెపిల్లల్ని అమ్ముకుని వెళ్తూ, తలుపు తెరిచి ఉంటే లోపలికి తొంగిచూశాడు. గోడకు ఆనించి ఉన్న వంక తెర ఆయన కంటబడింది. భుజం మీది కంబళి కింద పెట్టి, తెర ముందు గొంతుకూర్చున్నాడు. పైన ఆకాశం వైపు చూడలేదు. కింద ఎడమ మూల వైపే చాలాసేపు చూశాడు. ఏం చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

"ఇది మన వంక గదన్నా" అన్నాడు మామతో.

"అవు తాతా."

"మా ముసల్దాన్ని తోడుకొస్తా వచ్చే సంతకి. మేము ఇంతవరకు ఫోటో దిగలా. దిగితే దీని ముందర్నే దిగల్ల."

సావుకారు నవ్వాడు. "గొర్రెల్ని గూడా తోడుకురా తాతా. అవీ దిగుతాయి."

"అవి ఒక తావ నిలబడవులే సావుకారూ. నీ మాదిరి కూకుంటే వాటికి కడుపు నిండదు" అన్నాడు తాత, కంబళి దులుపుకుని వెళ్లిపోతూ.

మామ ఆ సాయంత్రం ఇంటికి వస్తూ ఈల వేశాడు. నేను అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఒక ముసలాయన వస్తానంటే ఇంత సంతోషం ఏమిటని నాకు చిరాకేసింది. ఒక్క ముసలాయన ఫోటోతో అంగడి నడవదని, తాత వెళ్లాక సావుకారు అన్నది నాకు సబబుగానే తోచింది. ఆ వయసుకే నేను సావుకారు పక్షాన ఉన్నానని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆదివారం గడిచింది, సోమవారం గడిచింది. మామ తెరను ముట్టుకోలేదు. షెడ్డులో గోడకు వేలాడదీసి, ఎదురుగా కూర్చుని బీడీ కాల్చేవాడు. బుధవారం అమ్మ అడిగింది. "రోంత నీలం పూస్తే ఏం పోతాదిరా? గుడ్డే గదా." మామ బీడీ ఆర్పి బయటికి వెళ్లిపోయాడు. గురువారం పొద్దున ప్యాసింజరు బండికి గుంతకల్లు వెళ్లాడు. రైల్వేలో బోర్డులు రాసే పని ఏమైనా ఉందేమో గార్డును అడగడానికని అమ్మ చెప్పింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది.

మధ్యాహ్నం సావుకారు తలుపులు మూసి పడుకునే వేళ. షెడ్డుకు తాళం ఉండదు. నేను లోపలికి వెళ్లాను. బంక వేడి చేయడం నాకు తెలుసు. రంగు కలపడం తెలుసు. నీలంపొడి డబ్బా పైన అటక మీద ఉంది. మామ ఆరు నెలలుగా దాన్ని దింపలేదు. స్టూలు ఎక్కి దింపాను. తెర కింది భాగం నా ఎత్తుకు అందుతుంది. ఎడమ మూల నుంచి మొదలుపెట్టాను. అక్కడ ఆ మురికి మరక ఉంది, అది ముందు కప్పాలి అనుకున్నాను. తుంగపోచల మీదుగా, ఇసుక మీదుగా, కుడి అంచు దాకా ఏరు పారించాను. మామ పాత తెరల్లో చూసిన విధంగానే తెల్లటి అలల గీతలు వేశాను. చివర ఒక హంసను వేశాను.

అప్పుడు నాకు కలిగినంత తృప్తి ఆ తర్వాత ఏ పని చేసినా కలగలేదు. మామ ఉద్యోగం నిలబెట్టాను. మామ మా ఇంట్లోనే ఉంటాడు. సెలవులన్నీ మన్ను నూరింది ఊరికే పోలేదు.

మామ నాలుగున్నర దాటాక వచ్చాడు. గుంతకల్లులో పని లేదన్నారు. అది ఆయన ముఖంలోనే ఉంది. షెడ్డు గడపలో నిలబడి చూశాడు.

"నేనే మామా" అన్నాను. "ఇంగ నిన్ను పంపియ్యరు."

ఆయన లోపలికి వచ్చాడు. ఒక గుడ్డముక్క తడిపి, ఎడమ మూలలో నీలాన్ని మెల్లగా ఒత్తి చూశాడు. బంకరంగు తడికి ఊడుతుంది. నీలంతో పాటు కింది రంగూ ఊడి, తెల్ల గుడ్డ బయటపడింది. రెండోసారి ఒత్తలేదు. గుడ్డముక్కను పిండి, తీగ మీద ఆరేశాడు. నేలమీద కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలా ఏళ్లకు అనిపించింది. అప్పుడు మాత్రం ఆయనకు సంతోషంతో మాట రావడం లేదేమో అనుకున్నాను.

సావుకారు నిద్ర లేచి వచ్చాడు. తెర చూసి చేతులు చరిచాడు. "ఇదిగో, ఇట్ల దారికి రావల్ల! ఆ మాత్రం దానికి వారం దినాలు మొగం ముడుచుకోని కూకుంటివే." ఇంకొంచెం దగ్గరికి వచ్చి, హంసను చూసి పెద్దగా నవ్వాడు. "కోడి ఈదుతాండాది ఈడ! ఎవురప్పా ఇది ఏసింది?"

"నేనే" అన్నాడు మామ. "దావలో ఎండదెబ్బ తగిలింది. చెయ్యి వణికింది. రేపు సరిచేస్తాలే."

నేనే వేశానని చెప్పబోయాను. మామ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. ఆయన చేసిన దయ అది. ఆరు నెలల పనిని పాడుచేసింది తానేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టి దాన్ని తానే పూర్తి చేయాల్సి వచ్చింది.

మరునాడు శుక్రవారం పొద్దున్నే నన్ను లేపి వంక దగ్గరికి తీసుకుపోయాడు. అమ్మ చెంబు కూడా చేతికిచ్చింది, ఎలాగూ వెళ్తున్నారు కదా నీళ్లు తెమ్మని. మా వీధి ఆడవాళ్లు ఎండాకాలమంతా వంకలో చెలమ తీసి నీళ్లు తెచ్చేవాళ్లు. చెలమ అంటే ఇసుకలో చేతులతో తవ్వే గుంట. మోచేతి లోతు తవ్వితే అడుగున నీళ్లు ఊరతాయి. చిప్పతో తోడి, గుడ్డలో వడగట్టి బిందెలో పోసుకునేవాళ్లు. నేను పుట్టినప్పటినుంచీ తాగింది ఆ నీళ్లే.

వంకలోకి దిగాక మామ ఆగాడు. "నీళ్లు కావల్ల అంటే యాడ తవ్వుతావు పాపా?" అని అడిగాడు.

అది ఒక ప్రశ్నేనా అనుకున్నాను. మా ఊళ్లో నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. ఇసుక ఎక్కడ ముదురుగా ఉంటుందో, ఎక్కడ తుంగ మొలుస్తుందో అక్కడ తవ్వాలి. చెయ్యి చాపి చూపించాను. ఎడమ ఒడ్డు కింద ముదురురంగు మరక, పక్కన నాలుగు తుంగపోచలు.

చూపించిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వెనక కోట కొండ ఉంది. ఒడ్డున రెండు తుమ్మచెట్లు ఉన్నాయి. నేను సరిగ్గా తెరలోపల నిలబడి ఉన్నాను.

"తెరలో గూడా ఆడ్నే ఉండె" అన్నాడు మామ. కూర్చుని చెలమ తవ్వాడు. నీళ్లు ఊరేదాకా ఇద్దరం ఊరికే చూస్తూ కూర్చున్నాం. నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. చెంబు నింపి, మొదట నాకే తాగడానికి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి, సద్దిబువ్వ తిని, షెడ్డుకు వెళ్లి నా ఏరును బాగు చేశాడు. కోడిని హంస చేశాడు. రెండో హంసను కూడా వేశాడు. అలలు సరిదిద్దాడు. తుంగపోచల చోట తామరపూలు వేశాడు. చాలా బాగా వేశాడు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఆరోజు నేను గడియారం చూడలేదు.

శనివారం సంతకు గొర్రెల తాత వచ్చాడు, చెప్పిన మాట ప్రకారం భార్యను తీసుకుని. ఆమె తలకు నూనె రాసుకుని గట్టిగా దువ్వుకుంది. మడతల గుర్తులు పోని ఎర్రచీర కట్టింది. ఇద్దరూ కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చారు, గుడిలోకి వచ్చినట్లు. తెర కట్టి ఉంది. తాత చూశాడు.

"ఇది గాదన్నా. మొన్న ఉండె గదా, చెలమ ఉన్నింది, ఆ గుడ్డ యాడ?"

"అదే తాతా ఇది" అన్నాడు సావుకారు. "నిండు ఏరే గీపిచ్చినాము నీకోసరం. ఇంగ చెలమ ఏంటికి?"

తాత మామ వైపు చూశాడు. మామ రంగుల డబ్బాల మూతలు బిగిస్తున్నాడు. ముసలామె తెర దగ్గరికి వెళ్లింది. ఆమె ఆ గుడ్డను అదే మొదటిసారి చూడటం. భర్త ఏం చెప్పి తీసుకొచ్చాడో. ఆ ఏటిని ఈ చివరినుంచి ఆ చివరి దాకా చూసి, వెనక్కి వచ్చింది.

"బాగుండాది నాయనా" అంది మర్యాదగా. "ఇవి మా నీళ్లు గాదులే. మేము పోతాము."

వెళ్లిపోయారు. సావుకారు వెనకనుంచి పిలిచాడు గానీ వాళ్లు ఆగలేదు. ఆ రోజంతా ఆ తెర ముందు ఫోటోలకు జనం వరసకట్టారు. జలపాతం తెర కంటే దీనికే గిరాకీ. వెనక కోట కొండ ఉంది, ముందు నిండుగా ఏరు ఉంది. తమ ఊరే, కానీ నీళ్లున్న ఊరు. అందరికీ కావలసింది అదే.

రెండేళ్ల తర్వాత ముసలామె ఒక్కతే వచ్చింది. తాత పోయాడు. ఆరోజు తెలియకుండా ఏమైనా ఫోటో తీశారా, తీసి ఉంటే ఇస్తారా అని అడిగింది. ఇంట్లో మనిషి గుర్తు ఒకటీ లేదంది. తీయలేదని సావుకారు చెప్పాడు. ఆమె మామను అడిగింది. "నువ్వు బొమ్మలు గీస్తావు గదా నాయనా. ఆయప్పను సూస్తివి. గీసియ్యలేవా?" మామ తల దించుకున్నాడు. "నాకి మొగాలు రావమ్మా" అన్నాడు. నిజమే, ఆయనకు రావు. ఆయనకు వచ్చింది ఆ వంక ఒక్కటే. అది నేను కప్పేశాను.

మామ ఆ తర్వాత మన్ను తేలేదు. పొద్దున్నే వంకకు వెళ్లడం మానేశాడు. పుస్తకాల్లో రాసే లెక్కన చూస్తే ఆయన చిత్రకళలో నాలుగో కాలం మంగళవారం పదకొండూ పదికి పూర్తయి, ఆ పై వారం గురువారం మధ్యాహ్నం ముగిసింది. మిగతా ముప్పై నలభై ఏళ్లు ఆయన వెనక్కి నడిచాడు. మళ్లీ జలపాతాలు గీశాడు, కొలనులు గీశాడు. చివరికి ఆకుల చుట్టూ నల్లగీతలు కూడా తిరిగి వచ్చాయి. రంగుల ఫోటోలు వచ్చాక అచ్చేసిన తెరలు వచ్చాయి. కొన్నాళ్లు అంగళ్లకు బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక అదీ పోయింది.

మా అమ్మానాన్నల ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. ఆ ఏటి ముందు నిలబడి దిగినది. పెద్దయ్యాక ఒకరోజు దాన్ని చూస్తూ ఉంటే ఒక సంగతి తెలిసింది. ఫోటోలో ఏరు కనబడదు. ఆ రోజుల ఫిల్ములో నీలం తెల్లగా పడేది. మా అమ్మ కాళ్ల వెనక ఉన్నది తెల్లటి ఎండిన ఇసుక. మామకు చూపించాను. "అవు" అన్నాడు. "నీలం నిలబడదు. తడి ఇసుక అయితే నల్లగా పడిండేది. నీళ్ల మాదిరే ఉండేది." ముందునుంచీ తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. తెలిసే ఆ రంగు ఎంచి కలిపాడట. సావుకారుకు ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే ఇనే టైము గాదు అది" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడు కూడా అనలేదు.

పోయిన ఎండాకాలం మామ పోయాడు. వీధి చివర కట్టే ఫ్లెక్సీకి ఫోటో కావాలన్నారు. సెల్‌ఫోనులో ఎవరో తీసింది ఒకటి దొరికింది. ఫ్లెక్సీ వచ్చాక చూస్తే మామ వెనక పచ్చటి కొండల మధ్య జలపాతం దూకుతోంది. తీసేయమని అంగడికి వెళ్లి అడిగాను. "ఖాళీగా ఉంటే బాగుండదు మేడమ్, అందరికీ ఇదే ఏస్తాము" అన్నాడు అక్కడి అబ్బాయి. కార్యం అయ్యేదాకా ఆ జలపాతం వీధి చివరే ఉంది.

ఆ తెర కోసం అడిగి చూశాను. స్టూడియో ఇప్పుడు లేదు. తెరల్ని చాలా ఏళ్ల కిందటే కట్టగట్టి అమ్మేశారట. కళ్లంలో వేరుశనగ కుప్పల మీద కప్పడానికి ఎవరో కొనుక్కుపోయారట. ఒక్క వాన పడినా బంకరంగు నిలవదు.

నేను ఆరోజు నుంచి మోస్తున్నది పెద్ద విషయమేం కాదు. ఎవరికైనా మేలు చేద్దామని చెయ్యి లేచినప్పుడు ముందు ఆగుతాను. వాళ్లు అప్పటికే చేసిపెట్టుకున్నది ఏదో అక్కడ ఉండి, నాకే కనబడటం లేదేమోనని చూస్తాను. చాలాసార్లు ఉంటుంది. ఆగినందువల్ల చేయకుండా పోయిన మేళ్లు కూడా ఉన్నాయి. ఈ అలవాటు మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

దినం అయిపోయిన మరునాడు వంక దగ్గరికి వెళ్లాను. కోట కొండ అలాగే ఉంది. తుమ్మచెట్లు లేవు. ఇసుకను లారీలు ఎత్తుకుపోయాయి. అడుగున గట్టి నేల తేలింది. వీధుల్లోకి నీళ్ల ట్యాంకర్లు వస్తున్నాయి. ఆ వంకలో ఇప్పుడు ఎవరూ చెలమ తీయరు.